"ఆ దేవుడు నీకు తెలుసా?" అని అడిగితే



ఇష్టదైవం మీద చేసిన వీడియో చూసి ఒక సోదరి మెసేజ్ పెట్టారు. ఉండేది మా సైనిక్‌పురిలోనే. ఆవిడ అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇక్కడ చెప్తున్నాను. తమ్ముడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. అమ్మ హాస్పిటల్లో ఉన్న రోజుల్లో వాడి క్లాస్‌మేట్ ఒకబ్బాయి రోజూ వచ్చి కూర్చునేవాడు. టిఫిన్ తెచ్చేవాడు, మందుల షాపుకి పరిగెత్తేవాడు, వెళ్లేముందు మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసేవాడు. అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. తమ్ముడు ఆదివారాలు ఆ ఫ్రెండ్‌తో చర్చికి వెళ్లడం మొదలుపెట్టాడు. నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. ఒకరోజు రాత్రి అక్క నిలదీస్తే వాడు అన్న మాట ఇది: "అక్కా, నువ్వు రోజూ దీపం పెడతావు కదా. ఆ దేవుడు నీకు తెలుసా?"

ఆవిడ నన్ను అడిగింది: "అన్నా, వాడికి ఏం సమాధానం చెప్పాలి? లాజికల్‌గా నాలుగు పాయింట్లు ఇవ్వండి, చాలు."

నాలుగు పాయింట్లు ఇవ్వడం పెద్ద పని కాదు. ఇంటర్నెట్‌లో వెతికితే నాలుగు వందలు దొరుకుతాయి. ఈ వచనానికి ఆ వచనం పొసగదని, చరిత్రలో చర్చి ఇలా చేసిందని. వాటికి అవతలి వైపు నుంచి జవాబులు ఇంకో నాలుగు వందలు. కానీ తమ్ముడు అడిగింది వాటి గురించి కాదు కదా. వాడు అడిగింది అక్క గురించి. నీకు తెలుసా అని. ఆ ప్రశ్నని పక్కనపెట్టి మిగతా ఎంత చెప్పినా జవాబు ఎగ్గొట్టినట్టే అవుతుంది. అందుకే ఈ వారం పాఠం ఆ ఒక్క ప్రశ్న మీదే. వీడియోలో హడావిడిగా దాటేసిన చరిత్ర ఇక్కడ కొంచెం తీరిగ్గా చెప్తాను.

అసలు వాళ్లు చెప్పేదేమిటి

క్రైస్తవ సందేశం గురించి మనలో చాలామందికి తెలిసినదంతా గోడల మీద రాతలు, బస్టాప్‌లో చేతిలో పెట్టిన కరపత్రం, క్రిస్మస్‌కి ఫ్రెండ్ వాళ్లింట్లో తిన్న కేక్. సైనిక్‌పురి నుంచి బొల్లారం వైపు వెళ్తే 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. అందంగా ఉంటుంది, ఫొటోలు తీసుకుంటాం. లోపల ఏం చెప్తారో ఎప్పుడైనా ఒక క్రైస్తవ మిత్రుడిని కూర్చోబెట్టి అడిగామా?

సూటిగా చెప్పాలంటే ఇది. మనిషి పాపంలో ఉన్నాడు, సొంత పుణ్యంతో దాన్ని కడుక్కోలేడు. దేవుడే యేసుగా మనిషై వచ్చి, ఆ భారం తన మీద వేసుకుని సిలువ మీద ప్రాణం విడిచి, మూడో రోజు తిరిగి లేచాడు. అది నమ్మి ఆయన్ని ప్రభువుగా ఒప్పుకున్నవాడికి రక్షణ. ఇక్కడ మనం గమనించని ముక్క ఇంకొకటి ఉంది. బాప్టిస్టుల్లాంటి చాలా సంఘాల లెక్కలో ఇది పుట్టుకతో వచ్చేది కాదు. తల్లిదండ్రులు ఎంత భక్తులైనా సరే, పిల్లవాడు పెద్దయ్యాక తనంతట తాను అవును అనాలి, అప్పుడే బాప్తిస్మం. వాళ్ల కూటాల్లో "సాక్ష్యం" అని ఒకటుంటుంది. లేచి నిలబడి, నా జీవితంలో దేవుడు ఏం చేశాడో ఇదీ అని సొంత మాటల్లో చెప్పడం. తమ్ముడి నోట్లోంచి ఆ ప్రశ్న ఊరికే రాలేదు. ఆ కూటాల్లో వాడు నెలల తరబడి విన్నది అదే.

మన సిద్ధాంతంతో ఇది కొన్నిచోట్ల దగ్గరగా వస్తుంది, కొన్నిచోట్ల అస్సలు కలవదు. మనకి అవతారాలు అనేకం, వాళ్లకి దేవుడు మనిషిగా వచ్చింది ఒక్కసారే. మనకి జన్మల వరస ఉంది, వాళ్లకి ఉన్నది ఈ ఒక్క జన్మ. చేసిన కర్మ అనుభవించాలని మనం అంటాం, ఇంకొకరు మన బదులు మోశారని వాళ్లంటారు. ఈ తేడాలని కప్పిపుచ్చి మాట్లాడటం ఇటువాళ్లకీ మర్యాద కాదు, అటువాళ్లకీ కాదు.

ఇలాంటప్పుడు మనవాళ్లకి ముందు వచ్చేది కోపం. దాని గురించి ఎక్కువ చెప్పను, నాన్నగారి మౌనం ఆ ఇంటికి ఏం సాధించిపెట్టిందో ఆ ఇంట్లోవాళ్లకే తెలుసు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోది. "అన్నీ ఒకటే బ్రో" అని భుజం తట్టి కాఫీకి వెళ్లిపోవడం. వినడానికి విశాలంగా ఉంటుంది. నిజానికి చాలాసార్లు అది చర్చ ముగించే బటన్. ఎదుటివాడు తనకి ప్రాణంతో సమానమైన విషయం చెప్తుంటే, "అదీ ఇదీ ఒకటేలే" అంటే అతను చెప్పింది వినలేదనే అర్థం. పైగా ఆ "ఇది" ఏమిటో కూడా మనకి సరిగ్గా తెలియదు.

"రామకృష్ణ పరమహంస కూడా అదే అన్నారు కదా" అంటారు. అన్నారు. కానీ ఏం చేసి అన్నారో చూడాలి. కాళీ ఉపాసనలో ఏళ్ల తరబడి కాలిన మనిషి. 1874 ప్రాంతంలో శంభుచరణ్ మల్లిక్ చదివి వినిపిస్తే బైబిల్ విన్నారు. దక్షిణేశ్వరం పక్కన యదునాథ్ మల్లిక్ తోట ఇంట్లో మేరీమాత ఒడిలో బాల యేసు ఉన్న పటం చూసి ఆ భావంలో మునిగిపోయారు. మూడు రోజుల పాటు అమ్మవారి గుడి వైపు కూడా వెళ్లలేదని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. అంత లోతుకి దిగి పైకొచ్చి చెప్పిన మాటని మనం ఆఫీస్ క్యాంటీన్‌లో టాపిక్ మార్చడానికి వాడుకుంటున్నాం.

ఆయన శరీరం విడిచిన కొన్ని నెలలకి, 1886 డిసెంబరులో, నరేంద్రుడూ తోటి శిష్యులూ బెంగాల్‌లోని ఆంట్‌పూర్ అనే పల్లెలో రాత్రి ధుని చుట్టూ కూర్చున్నారు. నరేంద్రుడు యేసు జీవితం గురించి, ఆయన శిష్యుల త్యాగం గురించి చెప్పుకుంటూ పోయాడు. ఆ రాత్రే వాళ్లంతా సన్యాసం తీసుకుంటామని నిశ్చయించుకున్నారు. అది క్రిస్మస్ ముందు రాత్రి అని వాళ్లకి తర్వాత గానీ గుర్తురాలేదు. హిందూ సన్యాసుల ఒక మఠం పుట్టుకలో క్రీస్తు కథ ఉంది. అందులో ఎవరూ మతం మారలేదు, ఎవరూ భయపడలేదు కూడా.

మహబూబ్ కాలేజీలో ఒక సాయంత్రం

ఇక మన ఊరి సంగతి. ఆ నరేంద్రుడే ఆరేళ్ల తర్వాత వివేకానందుడిగా హైదరాబాద్ వచ్చారు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించారు. పాశ్చాత్య దేశాలకి తను ఎందుకు వెళ్లాలనుకుంటున్నారన్నదే విషయం. వెయ్యి మందికి పైగా వచ్చారు, వాళ్లలో కంటోన్మెంట్ నుంచి వచ్చిన యూరోపియన్లు చాలామంది. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్లు నిండి నెల రోజులు. మనం స్కూటీ మీద వెళ్తే సైనిక్‌పురి నుంచి పది కిలోమీటర్లు అటూ ఇటుగా. సైనిక్‌పురిలో ఆయన పేరుతో భవన్స్ కాలేజీ కూడా ఉంది. అందులో చదివినవాళ్లు ఈ పోస్ట్ చదువుతుంటారు, ఈ సంగతి వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

దేశం తిరిగే రోజుల్లో ఆయన దగ్గర ఉండే పుస్తకాలు రెండు. ఒకటి భగవద్గీత. ఇంకోటి, యూరప్‌లో 15వ శతాబ్దంలో థామస్ ఎ కెంపిస్ అనే క్రైస్తవ సన్యాసి రాసిన "క్రీస్తు అనుసరణ". 1889లో ఆయన దాన్ని బెంగాలీలోకి తేవడం కూడా మొదలుపెట్టారు. జోలెలో గీత పక్కన ఆ పుస్తకం ఉంటే గీతకి ఏమైనా తగ్గిందా? నా ఉద్దేశంలో, తన సొత్తేదో తెలిసినవాడు పక్కవాడి సొత్తు చూసి కంగారుపడడు. కంగారు మనకి వస్తోందంటే మన పెట్టె ఖాళీగా ఉందేమో చూసుకోవాలి.

అలాగని ఆయన మెతకగా ఊరుకున్నారనుకోకండి. అదే సంవత్సరం సెప్టెంబరు 20న షికాగో సభలో మిషనరీల మీద సూటిగా విమర్శ పెట్టారు. మా దేశంలో మతానికి కొదవ లేదు, ఆకలితో చస్తుంటే తిండి పెట్టకుండా చర్చిలు కడతారేంటి అన్నది దాని సారాంశం. మనం షేర్ చేసుకునేది సాధారణంగా ఈ ఒక్క ముక్కే, జోలెలోని పుస్తకం సంగతి ఎవరూ షేర్ చేయరు. క్రీస్తుని గౌరవించడం, చర్చిని ప్రశ్నించడం రెండూ ఒకే మనిషికి సాధ్యమయ్యాయి. రెండూ ఆయన సొంత సాధన లోంచి వచ్చినవి, ఎవరో ఫార్వర్డ్ చేసినవి కావు.

ఒంగోలు కాలువ

ఆకలి, చర్చి అనే మాట వచ్చింది కాబట్టి, ఆ ప్రసంగానికి పదిహేనేళ్ల ముందు మన తెలుగు నేల మీదే జరిగింది చెప్పాలి. "పాలపొడికీ గోధుమరవ్వకీ మారిపోయారు" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు కదా. ఆ మాట అనేముందు ఒంగోలు కథ తెలుసుకోవడం మంచిది.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని మహా కరువు పీల్చేసింది. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. కుర్రతనంలో భూముల సర్వే పని చేసిన అనుభవం ఉన్న మనిషి. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు ఆయన తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకి పలుగూ పారా ఇచ్చి, పని చేయించి, కూలి ఇచ్చారు. పని మీద అజమాయిషీకి తన బోధకులనే పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఎండకి పని ఆగినప్పుడు బోధకులు సువార్త చెప్పేవాళ్లు, జనం వినేవాళ్లు. వేలమంది విన్నారు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయిన విషయం ఒకటుంది. అంతమంది వింటున్నా, మమ్మల్ని చేర్చుకోండని అడుగుతున్నా, ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మతంలోకి తీసుకురావడానికే సముద్రాలు దాటి వచ్చిన మనిషి! కూటి కోసం వస్తున్నారో దేవుడి కోసం వస్తున్నారో తేలని సమయంలో తలుపు మూసి ఉంచారు. కరువు సాయం ముగిశాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఒక్కరోజులో అంతమంది మనసు ఎవరు తూచగలరు అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతాను. కానీ ఆ ప్రశ్న మనకంటే ముందు ఆ మిషనరీయే వేసుకున్నాడు. వివేకానందుడి విమర్శ ఎంత నిజమో ఒంగోలు కాలువ కూడా అంతే నిజం. రెండిటినీ ఒకే చేత్తో పట్టుకోవాలి.

ఇంకో మనిషి గురించి చెప్పకుండా ఒంగోలు దాటలేను. ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులంలో పుట్టినవాడు, చదువు లేనివాడు. 1866లో, అంటే కరువుకి పదేళ్ల ముందే, బాప్తిస్మం తీసుకున్నాడు. అతని ద్వారానే ఆ ప్రాంతంలో ఈ మార్గం ఊరూరా పాకింది. అయితే అంతకుముందు అతను చేసింది ఏమిటో తెలుసా? రాజయోగం. గురువుని ఆశ్రయించి సాధన చేశాడు, తన కులంలోనే నలుగురికి నేర్పేవాడు. అంటే ఊరికే ఉన్నవాడు కాదు, వెతుకుతున్నవాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ ఈ సందేశం విన్నాడు, తను వెతుకుతున్నది ఇదే అనుకున్నాడు.

నేను అతని నిర్ణయంతో ఏకీభవించాలని లేదు. కానీ అతన్ని "మోసపోయాడు" అనడానికి నాకు నోరు రాదు. ఊరి బావిలో చేద వేయనివ్వని రోజులు అవి. గుడి గడప తొక్కనివ్వని రోజులు. సాధన చేసే మనిషిని కూడా గుడి బయటే నిలబెట్టింది మనమే. వేరే ఎవరో తలుపు తీసి, లోపలికి రా, కింద కాదు పక్కన కూర్చో అంటే అతను వెళ్లాడు. ఇందులో లెక్క చెప్పుకోవాల్సింది ఎవరు? సనాతన ధర్మం గురించి మాట్లాడే ప్రతి ఛానల్, మనది కూడా, ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం నిలబడాలి.

దగ్గరి కాలానికి వస్తే హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. చాలాసార్లు దాని ముందు నుంచే వెళ్లుంటారు. దాన్ని నడిపిన భక్తసింగ్ 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో చేతికొచ్చిన బైబిల్‌ని చించేసి, అట్ట బాగుందని అది మాత్రం ఉంచుకున్నారట. మనలాగే ఇంజినీరింగ్ కోసం విదేశాలకి వెళ్లి, కెనడాలో చదువుకునేటప్పుడు క్రైస్తవులయ్యారు. 1933లో తిరిగొస్తే, ఈ సంగతి బయటికి చెప్పకు, పరువు పోతుంది అన్నారు ఇంట్లోవాళ్లు. ఆయన ఒప్పుకోలేదు, ఇల్లు వదులుకున్నారు. 2000 సెప్టెంబరులో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన నమ్మిన దానిలో నాకు రాని భాగం చాలా ఉంది. కానీ ఒక నిజాన్ని తనకి నిజమని తోచాక దాచుకోలేకపోయిన మనిషి అది. "డబ్బులిచ్చి మార్చారు" అనే ఒక్క వాక్యంతో ఇలాంటివాళ్లని చదవలేం.

మనవైపు లెక్క

ఇప్పుడు అక్క దగ్గరికి, అంటే మన దగ్గరికి వద్దాం.

గీత 17వ అధ్యాయం అర్జునుడి ప్రశ్నతో మొదలవుతుంది. శాస్త్రవిధి పక్కనపెట్టి, శ్రద్ధతో పూజించేవాళ్ల సంగతేమిటి అని. కృష్ణుడు విధి గురించి కాక శ్రద్ధ గురించి మాట్లాడతాడు. మనిషి అంటే అతని శ్రద్ధే, అది ఎలాంటిదైతే అతను అలాంటివాడు అంటాడు. అధ్యాయం ముగించేటప్పుడు ఇంకా గట్టిగా చెప్తాడు: శ్రద్ధ లేకుండా చేసిన హోమమైనా దానమైనా తపస్సైనా లేనిదాని కిందే లెక్క, ఇక్కడా పనికిరాదు, పరలోకంలోనూ పనికిరాదు. అక్క పెట్టే దీపం గురించి తమ్ముడు అడగకముందే కృష్ణుడు అడిగాడన్నమాట.

మన తరం భక్తి ఎలా ఉందంటే, ఇంట్లో నాన్నగారు కట్టిన సబ్‌స్క్రిప్షన్ మీద అందరం సినిమాలు చూస్తున్నట్టు ఉంది. నడుస్తున్నంత కాలం ఎవరి పేరు మీద ఉందో పట్టించుకోం. ఎవరైనా "ఇది మీదేనా?" అని అడిగినప్పుడే వెతుక్కుంటాం. సంప్రదాయం అందుకోవడంలో తప్పేమీ లేదు. అందుకున్నాక అది సొంతం కావాలి, అంతే.

"దేవుడితో పర్సనల్ రిలేషన్‌షిప్" అనేది చర్చివాళ్ల మాట అనుకుంటాం. కంచర్ల గోపన్న గుర్తున్నాడా? పాల్వంచ తహశీల్దారు, భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన రామదాసు. జైల్లో కూర్చుని ఆయన చేసిన పని ఏమిటి? నగల ఖర్చు లెక్కలు విప్పి రాముణ్ణి నిలదీశాడు. నీకూ నీ తమ్ముళ్లకీ ఇంతింత పెట్టి చేయిస్తే నన్నిలా వదిలేస్తావా అని తిట్టాడు. తిట్టాక, దెబ్బల బాధకి తిట్టానయ్యా, ఏమనుకోకు అని మళ్లీ ఆయన్నే పట్టుకుని ఏడ్చాడు. తెలియని మనిషిని ఎవరైనా అలా తిడతారా? మన గోల్కొండలో ఆ గది ఇంకా ఉంది, లైట్ అండ్ సౌండ్ షో ముందు అందరం అందులోకి తొంగిచూసి వస్తాం. ఆయన్ని ఎవరైనా వచ్చి "ఆ దేవుడు నీకు తెలుసా?" అని అడిగితే పాయింట్ల కోసం వెతుక్కునేవాడు కాదు.

సాక్ష్యం అనే మాట వాళ్లదే కావచ్చు, కానీ మనకి కీర్తన ఉంది. రెండూ ఒక మనిషి నోటి నుంచి, ఆ మనిషికి జరిగినదాని నుంచే రావాలి. విశేషం ఏమిటంటే తెలుగు క్రైస్తవులు తమ సాక్ష్యాన్ని చెప్పుకున్నది కూడా కీర్తనలోనే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నారు, మన రాగాల్లోనే. ఆ రాగం వినిపించినప్పుడు నాకు పోగొట్టుకున్న బంధువు గొంతు విన్నట్టు ఉంటుంది. ఇది మీకందరికీ నచ్చకపోవచ్చు, సరే.

ఆ సోదరికి నేను రాసింది

పాయింట్లు పంపలేదు. ముందు ఒక ప్రశ్న పంపాను: హాస్పిటల్‌కి రోజూ వచ్చిన ఆ అబ్బాయికి మీ ఇంట్లో ఎవరైనా థాంక్స్ చెప్పారా? అతను వచ్చింది మతం కోసమే అని మీరు అనుకుంటున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. టిఫిన్ మాత్రం నిజమే కదా, ఆ రోజు అది తిన్నది మీ అమ్మగారే కదా. అదే వార్డులో మన బంధువులు, మన అపార్ట్‌మెంట్‌లో చవితి చందాకి వచ్చేవాళ్లు ఎంతమంది కూర్చున్నారు?

తర్వాత తమ్ముడిని కూర్చోబెట్టి, ఆ రోజుల్లో నీకేం జరిగిందో చెప్పు అని అడగమన్నాను. అడ్డం రాకుండా, ముఖం చిట్లించకుండా, చివరిదాకా. వాడికి అమ్మ బతకడమే జవాబు కావచ్చు. ఆ రాత్రుళ్లు ఒంటరితనంలో ఒకరు పక్కన ఉండటం కావచ్చు. నిజంగానే యేసు మీద మనసు నిలిచి ఉండొచ్చు. ఇవి మూడూ వేర్వేరు సంగతులు, ఏది ఏదో వాడికే ఇంకా తెలియకపోవచ్చు. క్లౌ అంతటివాడే ఏడాదికి పైగా ఆగాడు. నువ్వు కూడా తొందరపడకు అని చెప్పే హక్కు ఒక అక్కకి ఉంది, కానీ ముందు విన్న అక్కకే ఉంది.

వాడి ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పమన్నాను. తెలియకపోతే "ఇంకా తెలియదురా, తెలుసుకోవాలని ఉంది" అనమన్నాను. ఆ మాట ఓటమి కాదు. అబద్ధంగా గెలవడం కంటే వాడికి అది ఎక్కువ తాకుతుంది. ఆ తర్వాత ఒక మండలం, 41 రోజులు, తన ఇష్టదైవంతో తనే కూర్చోమన్నాను. రోజుకి పావుగంట. స్తోత్రం చదివినా చదవకపోయినా, ఆ రోజు జరిగింది ఆయనకి చెప్పుకోవాలి. కోపం ఉంటే కోపం కూడా. రామదాసుకి చెల్లింది మనకి చెల్లదా?

ఆవిడ తిరిగి అడిగింది: "అన్నీ చేశాక కూడా వాడు బాప్తిస్మం తీసుకుంటానంటే?"

కష్టమైన ప్రశ్న. దీనికి తియ్యటి జవాబు నా దగ్గర లేదు. ఇంట్లో బాధ ఉంటుంది, అమ్మ ఏడుస్తుంది, పెళ్లి సంబంధాల దగ్గర మాటలు వస్తాయి. కానీ పద్దెనిమిది అధ్యాయాలు చెప్పిన కృష్ణుడు కూడా చివర్లో, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని అర్జునుడికే వదిలేశాడు. ఏడో అధ్యాయంలో, భక్తుడు ఏ రూపాన్ని శ్రద్ధతో కొలవాలనుకుంటే ఆ శ్రద్ధనే తను స్థిరం చేస్తానన్నాడు. జగద్గురువే బలవంతం చేయని చోట నాన్నగారూ నేనూ ఎంత? వినాయక చవితికి వాడు ప్రసాదం వద్దంటే ఆ పూట గొడవ పెట్టుకోవద్దన్నాను. నైవేద్యం పెట్టకముందే వాడికి ఉండ్రాళ్లు తీసి విడిగా పెట్టమన్నాను. వాడు వద్దంటున్నది అమ్మ చేతి వంటని కాదు. ఆ తేడా ఇంట్లో అందరికీ తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. వాడు కూడా, అమ్మ పూజని విగ్రహారాధన అని చిన్నచూపు చూడకూడదు. అది కూడా వాడికి అంతే స్పష్టంగా చెప్పాలి. గౌరవం ఒక్క వైపు నుంచే అడిగితే ఎక్కువ రోజులు నిలవదు.

వచ్చే ఆదివారం నుంచి లైవ్‌లో గీత 12వ అధ్యాయం, భక్తియోగం మొదలుపెడుతున్నాం. ఇరవై శ్లోకాలే. రోజుకి ఒకటి చొప్పున చదివితే మండలంలో రెండు సార్లు పూర్తయి ఒక రోజు మిగులుతుంది, ఆ ఒక్క రోజు పుస్తకం మూసి ఊరికే కూర్చోండి. చివరి అరగంట ప్రశ్నలకి ఉంచాను. మీ క్రైస్తవ స్నేహితులెవరైనా వినాలనుకుంటే వాళ్లనీ తీసుకురండి. వాళ్ల ప్రశ్నలు ముందు తీసుకుందాం.